లేక్ వ్యూ రూమ్ అన్నాడు, లేక్ ఏదయ్యా?

హ్యూస్టన్‌లో ఇల్లు పెట్టుకుని, గంట దూరంలో ఉన్న బ్రాజోస్ బెండ్ స్టేట్ పార్క్ కోసం మోటెల్‌లో పడుకున్న తెలివైనవాణ్ణి నేను. తప్పు నాదే అనుకోండి. ఇండియా నుంచి వచ్చిన అత్తామామలకి శనివారం రాత్రి పార్కులోని జార్జ్ అబ్జర్వేటరీలో 36 అంగుళాల టెలిస్కోపు చూపించాలి, ఆదివారం గేటు తీయగానే మళ్ళీ చెరువు దగ్గరుండాలి. పార్కులోనే ఉండటానికి షెల్టర్లు, టెంట్లకి జాగా ఉన్నాయి. వారం ముందు చూస్తే ఏప్రిల్లో ఖాళీ ఎక్కడుంటుంది?

సరే, హైవే పక్కన మోటెల్‌లో గది 89 డాలర్లు, 'లేక్ వ్యూ'. రెండు గదులకి 178 అనుకుని వెళ్తే, కౌంటర్ దగ్గర గదికి 25 చొప్పున ఏదో ఫీజు, దాని మీద ట్యాక్స్, మొత్తం 257 డాలర్ల 64 సెంట్లు. కర్టెన్ లాగితే పార్కింగ్ వెనక వాననీళ్ళు ఆగడానికి తవ్విన గుంట, చుట్టూ ఇనుప కంచె. లేక్ ఏదయ్యా అంటే కౌంటర్లోవాడు "నీళ్ళు కనిపిస్తున్నాయిగా" అన్నాడు. ఏసీ రాత్రంతా పాత గ్రైండర్‌లా తిరిగింది. మా ఆవిడ మాట్లాడటం మానేసింది. అత్తగారు మాత్రం "పోనీలెండి అల్లుడుగారూ" అని నాలుగుసార్లు అన్నారు, ఒక్కసారి అనుంటే బాగుండేది.

టెలిస్కోపు బాగుంది, దానికి టికెట్ వేరే.

పార్కు టికెట్ పెద్దవాళ్ళకి 7 డాలర్లు, పన్నెండేళ్ళు దాటని పిల్లలకి లేదు. మా నలుగురు పెద్దవాళ్ళకి రోజుకి 28. శని, ఆదివారాలు నిండిపోయాక గేటు దగ్గర ఆపేస్తారు, అందుకని ముందే ఆన్‌లైన్‌లో తీసుకోండి.

ఎల్మ్ లేక్ చుట్టూ కాలిబాట. ఓక్ చెట్లకి బూడిదరంగు జడల్లా స్పానిష్ మాస్ వేలాడుతోంది, నల్లపొట్ట బాతులు ఈల వేసుకుంటూ పోతున్నాయి. మామగారిది కైకలూరు, ఏ కొంగని చూపించినా "మా కొల్లేట్లో ఇలాంటివి బోలెడు" అంటున్నారు. మలుపు తిరగ్గానే నోరు మూశారు. బాటకి అడ్డంగా మొసలి! దుంగ అనుకున్నాం. వీపు మీది గట్లలో పచ్చటి నాచు ఇరుక్కుని ఎండకి ఆరుతోంది, గొంతు కింద తెల్లటి చర్మం మెల్లగా ఉబ్బి తగ్గుతోంది, కన్ను మాత్రం కదల్లేదు. ముప్పై అడుగుల దూరంలో ఉండాలి, బుస కొట్టిందంటే మరీ దగ్గరికి వెళ్ళినట్టే. మావాడు రాయి తీశాడు, వాళ్ళమ్మ వీపు మీద ఒకటిచ్చింది. ఇరవై నిమిషాలు ఆగాం. అప్పుడు లేచి, కాళ్ళు నిటారుగా పెట్టి నాలుగడుగులు నడిచి, చప్పుడు లేకుండా నీళ్ళలోకి జారిపోయింది.

"ఇది మా కొల్లేట్లో లేదు," అన్నారు మామగారు.

టెక్సాస్ స్టేట్ పార్కుల్లో ఒడ్డు నుంచి గాలం వేయడానికి లైసెన్స్ అక్కర్లేదని చెప్పాక ఇక ఆయన్ని ఆపలేకపోతున్నాం, వచ్చే ఆదివారం మళ్ళీ ప్రయాణం. పులిహోర, దోమల మందు తీసుకెళ్తున్నాం. రాత్రికి ఇంటికే.