కాలేజీ సీటా, సొంత చదువా: విశాఖలో ఇంజినీరింగ్‌కి, ఫిజిక్స్‌కి ఏది మేలు?

ఏపీ ఈఏపీసెట్ ర్యాంకులు వచ్చే రోజుల్లో విశాఖలో చాలా ఇళ్లలో ఒకే లెక్క నడుస్తుంది. కన్వీనర్ కోటాలో ఏ కాలేజీ వస్తుంది, రాకపోతే మేనేజ్‌మెంట్ కోటాకి ఎంత కట్టాలి? ఈమధ్య ఆ లెక్కలోకి ఇంకో మాట వచ్చి చేరింది. "ఐఐటీ మాస్టార్ల పాఠాలు ఎన్‌పీటెల్ వెబ్‌సైట్లో ఊరికే ఉన్నాయి కదా నాన్నా, నాలుగేళ్లు కాలేజీ ఎందుకు?" అని పిల్లలు అడుగుతున్నారు. అడగడంలో తప్పేమీ లేదు. ఇంజినీరింగ్‌కీ ఫిజిక్స్‌కీ కలిపి ఒకే జవాబు చెప్పేయడమే తప్పు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఇంజినీరింగ్‌కి డిగ్రీ కావాలి, పని మాత్రం చాలావరకు సొంతంగానే నేర్చుకోవాలి. ఫిజిక్స్‌లో పాఠం సొంతంగా వస్తుంది గాని, ల్యాబూ, తప్పు చూపించే మనిషీ లేకపోతే ఆ చదువు ఇంటర్ దాటి పెద్దగా ముందుకు వెళ్లదు. రెండిట్లోనూ కాలేజీకి డబ్బు కట్టేది పాఠం కోసమైతే ఆ డబ్బు దండగ.

పాఠం వరకూ అయితే

ఇక్కడ పోటీయే లేదు, సొంత చదువుదే గెలుపు. ఐఐటీలు, ఐఐఎస్సీ కలిసి 2003లో మొదలుపెట్టిన ఎన్‌పీటెల్‌లో థర్మోడైనమిక్స్ నుంచి క్వాంటమ్ మెకానిక్స్ దాకా పూర్తి కోర్సులున్నాయి. చూడటానికి పైసా అక్కర్లేదు. సర్టిఫికెట్ కావాలనుకుంటేనే సుమారు వెయ్యి రూపాయలు కట్టి, సెంటర్‌కి వెళ్లి పరీక్ష రాయాలి. క్లాసులో మాస్టారు పీపీటీ చదువుకుంటూ పోతుంటే ఆపమని అడగలేం. వీడియోని ఆపొచ్చు, వెనక్కి తిప్పొచ్చు. తెలుగు మీడియంలో చదివొచ్చిన పిల్లలకి ఇది చిన్న సౌకర్యం కాదు. 2021 యూజీసీ నిబంధనల ప్రకారం 40 శాతం దాకా క్రెడిట్లు కేంద్రం నడిపే 'స్వయం' ఆన్‌లైన్ కోర్సుల ద్వారా తెచ్చుకునే వీలు కూడా ఉంది.

అయితే సొంత చదువుకి ఓ రోగం ఉంది, వరస ఉండదు. ఇంటర్ పూర్తయిన కుర్రాడు నేరుగా క్వాంటమ్ మెకానిక్స్ పట్టుకుంటాడు. నాలుగు క్లాసులు కాగానే ఐగెన్ విలువలు ఎదురవుతాయి, లీనియర్ ఆల్జీబ్రా రాదు. సరే అని ఎలక్ట్రోడైనమిక్స్‌కి మారతాడు, అక్కడ వెక్టర్ కాలిక్యులస్ అడ్డం. చివరికి బ్లాక్ హోల్స్ మీద యానిమేషన్లు చూసి పడుకుంటాడు. దీనికి మందు ఖర్చు లేనిదే. ఆంధ్ర యూనివర్సిటీ బీఎస్సీ సిలబస్ దగ్గర పెట్టుకుని సెమిస్టర్ వరసలో వెళ్లాలి, పాత ప్రశ్నపత్రాలు టైమ్ పెట్టుకుని రాయాలి, రాసినవి ఎవరి చేతనైనా దిద్దించుకోవాలి. కష్టమంతా ఈ చివరి దాంట్లోనే ఉంది. ద్వారకానగర్‌లో అడుగుకో కోచింగ్ సెంటర్ ఉంటుంది గాని, ర్యాంకుతో పనిలేకుండా మీ డెరివేషన్ చదివి "మూడో లైను దగ్గర గుర్తు మార్చేశావు" అని చెప్పే మనిషి దొరకడం కష్టం.

ల్యాబు సంగతి

ల్యాబు అనగానే కాలేజీదే పైచేయి అనుకుంటాం. మన డిగ్రీ ల్యాబుల్లో జరిగేది చూస్తే అంత ధీమా ఉండదు. సింపుల్ పెండ్యులమ్ ప్రయోగమే తీసుకోండి. జి, అంటే గురుత్వ త్వరణం, విలువ 981 దగ్గర రావాలని అందరికీ ముందే తెలుసు. రాకపోతే సీనియర్ రికార్డు తెచ్చి, వెనకనుంచి లెక్క కట్టి రీడింగులు వండేస్తారు. మాస్టారు సంతకం పెడతారు, ఎక్స్‌టర్నల్ వచ్చి మార్కులు వేసి వెళ్లిపోతారు.

తమాషా ఏమిటంటే, విశాఖలో జి విలువ 981 కానే కాదు. భూమి తన చుట్టూ తాను తిరగడం వల్ల, నడుం దగ్గర కాస్త ఉబ్బి ఉండటం వల్ల గురుత్వ త్వరణం అక్షాంశాన్ని బట్టి మారుతుంది. మన 17.7 డిగ్రీల దగ్గర, సముద్రమట్టంలో, అది సెకను వర్గానికి సుమారు 978.5 సెంటీమీటర్లు. 981 అనేది దాదాపు లండన్ విలువ. రికార్డులో 981 వండిన మనవాళ్లంతా ఏ లండన్‌లోనో ప్రయోగం చేసినట్టు!

అదే కుర్రాడు ఇంట్లో దారానికి గుండు కట్టి ఊపాడనుకోండి. దారం పొడవు 100 సెంటీమీటర్లు కొలిచి, గుండు వ్యాసార్థం ఒకటిన్నర సెంటీమీటరు కలపడం మరిచిపోయాడు. జి విలువ 964 వచ్చింది. వండి చూపించాల్సిన మాస్టారు లేరు కాబట్టి ఎందుకు తగ్గిందా అని కూర్చుంటాడు. వ్యాసార్థం సంగతి పట్టుకుంటాడు. తర్వాత స్టాప్‌వాచ్ నొక్కడంలో పొరపాటు ఎంతో లెక్క వేస్తాడు. 20 ఊపులకి 40 సెకన్లు పడుతుంది. అందులో 0.2 సెకన్ల తేడా వస్తే జి విలువ 10 సెంటీమీటర్లు అటూ ఇటూ అయిపోతుంది. అదే 100 ఊపులు లెక్కపెడితే ఆ తేడా 2 సెంటీమీటర్లకు దిగుతుంది. అన్ని ఊపులు లెక్కపెడితేగాని 978కీ 981కీ తేడా తనకి కనబడదని అప్పుడు తెలుస్తుంది. ఎర్రర్ అనాలిసిస్ అంటే ఇంతే. దీన్ని వందరూపాయల లోపు సామానుతో ఇంట్లో నేర్చుకున్నవాడు, ఏసీ ల్యాబులో రికార్డు కాపీ కొట్టినవాడి కంటే ఫిజిక్స్‌లో ముందున్నట్టే.

ఇలాంటివి ఇంకా ఉన్నాయి. ఫోన్ సెన్సర్లతో కొలతలు తీసే, జర్మనీలోని ఆఖెన్ యూనివర్సిటీ వాళ్ల ఫైఫాక్స్ యాప్ ఫోన్లో వేసుకుని, ఫోన్లో ప్రెషర్ సెన్సర్ ఉంటే, సింహాచలం తొలిపావంచా నుంచి మెట్లెక్కుతూ చూడండి. ప్రతి 10 మీటర్ల ఎత్తుకీ గాలి పీడనం 1.1 నుంచి 1.2 హెక్టోపాస్కళ్లు తగ్గుతుంది. పాత సీడీ మీద ఎర్ర లేజర్ పాయింటర్ వేస్తే, గీతల మధ్య దూరం 1.6 మైక్రాన్లు, కాంతి 650 నానోమీటర్లు కాబట్టి, మొదటి చుక్క దాదాపు 24 డిగ్రీల దగ్గర పడుతుంది. గోడ మీద కొలిచి చూసుకోవచ్చు. లేజర్ కళ్లలో పడకుండా మాత్రం జాగ్రత్త.

ఇంతవరకే. హాల్ ఎఫెక్ట్, గైగర్ కౌంటర్, ఎక్స్‌రే డిఫ్రాక్షన్ దాకా వచ్చేసరికి ఇంటి ల్యాబు చేతులెత్తేస్తుంది. అక్కడి నుంచి యూనివర్సిటీ గుమ్మం ఎక్కక తప్పదు.

ఇంజినీరింగ్‌లో ఇది బ్రాంచిని బట్టి ఉంటుంది. ఎలక్ట్రానిక్స్, కంప్యూటర్లు అయితే కొన్ని వందల రూపాయల మైక్రోకంట్రోలర్ బోర్డు, మల్టీమీటర్, సాల్డరింగ్ ఐరన్, ఉచితంగా దొరికే కైక్యాడ్, ఎల్‌టీస్పైస్ లాంటి సర్క్యూట్ సాఫ్ట్‌వేర్లు చాలు. చాలా కాలేజీ ల్యాబుల కంటే మీ బల్లే నయం. కానీ 415 వోల్టుల త్రీఫేజ్ మోటారుని ఇంట్లో పెట్టి నేర్చుకోలేం, నేర్చుకోకూడదు కూడా. యూనివర్సల్ టెస్టింగ్ మెషిన్‌లో స్టీలు రాడ్డు సాగి, నడుం సన్నబడి, టప్పున తెగడం ఒకసారి చూస్తే స్ట్రెస్-స్ట్రెయిన్ గ్రాఫ్ జన్మలో మరిచిపోరు. అది ఏ వీడియో ఇవ్వలేదు. మెకానికల్ పిల్లలకి మూడో దారి కూడా ఉంది. సెలవుల్లో గాజువాక ఆటోనగర్‌లో ఏదైనా లేత్ షాపులో నిలబడితే, టాలరెన్స్ అంటే, కొలతలో ఎంత తేడా చెల్లుతుందో, మేస్త్రీ ఒక్క పూటలో చూపించేస్తాడు.

సంతకం ఎవరు పెట్టాలి?

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు ఈ ఊళ్లో హోర్డింగులు ఎలా కూలాయో చూసినవాళ్లకి ఈ ముక్క తేలిగ్గా అర్థమవుతుంది. మన దేశ నిర్మాణ కోడ్ ప్రకారం విశాఖకి ప్రాథమిక గాలి వేగం సెకనుకి 50 మీటర్లు. ఆ వేగాన్ని వర్గం చేసి 0.6తో గుణిస్తే చదరపు మీటరుకి 1500 న్యూటన్లు, అంటే దాదాపు 150 కిలోల బరువు. మిగతా గుణకాలు పక్కన పెట్టినా, 6 మీటర్ల వెడల్పు, 3 మీటర్ల ఎత్తున్న హోర్డింగు మీద రెండు టన్నులకి పైనే పడుతుంది. ఈ లెక్క ఇంటర్ కుర్రాడైనా వేస్తాడు. కానీ డ్రాయింగు మీద సంతకం పెట్టి, అది కూలితే జవాబు చెప్పాల్సిన మనిషికి డిగ్రీ, లైసెన్సు ఉండాలి. ఫిజిక్స్‌లో తప్పు చేస్తే పేపర్ వెనక్కి వస్తుంది, ఇంజినీరింగ్‌లో తప్పు చేస్తే మనుషుల మీద పడుతుంది. అందుకే ఇక్కడ కాగితం అడగడం అన్యాయమని నేను అనను. స్టీల్‌ప్లాంట్, రిఫైనరీ, షిప్‌యార్డు లాంటి చోట్ల ఇంజినీరు ఉద్యోగానికి నోటిఫికేషన్ తీస్తే మొదటి అర్హత బీటెక్కే.

ఒకప్పుడు పనిచేస్తూ సొంతంగా చదువుకుని ఇంజినీరయ్యే దారి ఏఎంఐఈ. 2013 మే 31 లోపు అందులో చేరినవాళ్లకే కేంద్రం బీటెక్‌తో సమానమైన గుర్తింపు ఉంచింది. డీమ్డ్ యూనివర్సిటీలు అనుమతి లేకుండా దూరవిద్యలో ఇచ్చిన ఇంజినీరింగ్ డిగ్రీల మీద 2017 నవంబరులో సుప్రీంకోర్టు వేటు వేసింది. ఇప్పుడు "ఇంట్లో కూర్చుని బీటెక్" అని ఎవరైనా ఫోన్ చేస్తే పెట్టేయండి. మధ్యేమార్గం ఒకటి మాత్రం నాకు నచ్చింది. ఐఐటీ మద్రాస్ 2023లో మొదలుపెట్టిన ఎలక్ట్రానిక్ సిస్టమ్స్ బీఎస్‌లో పాఠాలు ఆన్‌లైన్లో ఉంటాయి, ల్యాబుకి మాత్రం మనిషి వెళ్లాలి. దేన్ని ఇంట్లో ఉంచాలో, దేన్ని ఉంచకూడదో వాళ్లకి తెలిసింది.

ఫిజిక్స్‌లో సొంత చదువు గురించి మాట్లాడితే రామన్ పేరు వస్తుంది. సర్ సీవీ రామన్ చిన్నప్పుడు చదివింది విశాఖలోనే, తండ్రి ఏవీఎన్ కాలేజీలో లెక్చరరు. 1907లో ఎంఏ అయ్యాక కలకత్తాలో అకౌంట్స్ శాఖలో ఉద్యోగంలో చేరి, ఆఫీసు లేని వేళల్లో పరిశోధన చేశారు. పీహెచ్‌డీ గైడంటూ ఎవరూ లేరు. ఇక్కడిదాకా అందరూ చెబుతారు. ఆ పరిశోధన చాలావరకు కలకత్తాలోని ఇండియన్ అసోసియేషన్ ఫర్ ది కల్టివేషన్ ఆఫ్ సైన్స్ అనే సంస్థ ల్యాబులో జరిగిందని, వాళ్లు తలుపు తీయకపోతే ఆ సాయంత్రాలకి అర్థం ఉండేది కాదని చెప్పరు.

కాబట్టి నా సలహా ఇలా ఉంటుంది. బీటెక్ అయితే ఇంటి నుంచి బస్సులో వెళ్లొచ్చే దూరంలో, తక్కువ ఫీజు ఉన్న చోట కన్వీనర్ సీటు తీసుకుని, పాఠాలు ఎన్‌పీటెల్‌లో వినండి. పది లక్షలు అప్పు చేసి మేనేజ్‌మెంట్ కోటా అంటే ఒప్పుకోను. తప్పదనుకుంటే ముందు కాలేజీకి వెళ్లి గ్రీన్ లాన్లు, ప్లేస్‌మెంట్ ఫ్లెక్సీలు కాకుండా ల్యాబు చూపించమనండి, మెషిన్ల మీద దుమ్ము ఎంతుందో చూడండి. ఫిజిక్సే ప్రాణమనుకుంటే బీఎస్సీలో చేరి, మూడో ఏడు ఐఐటీల ఎమ్మెస్సీ ప్రవేశపరీక్ష జామ్ రాయండి. ఇంట్లో గొడవై బీటెక్‌లో చేరినా దారి మూసుకుపోదు. ముంబైలోని పరిశోధన సంస్థ టీఐఎఫ్‌ఆర్ ఫిజిక్స్ ప్రవేశపరీక్షకి బీటెక్ వాళ్లూ అర్హులే. పై చదువుల ప్రవేశపరీక్ష గేట్‌లో ఫిజిక్స్ పేపరే రాయొచ్చు. ఈ దారిలో సొంత చదువు అలంకారం కాదు, అదొక్కటే ఆధారం. సాయంత్రాలు మెకానిక్స్‌కి, ఎలక్ట్రోడైనమిక్స్‌కి ఇవ్వగలనని నమ్మకం ఉంటేనే దిగాలి.

పాలిటెక్నిక్ చేసి ఇప్పటికే ఏ ఫ్యాబ్రికేషన్ యూనిట్‌లోనో షిఫ్టులు చేస్తున్నవాళ్లకి సలహా వేరు. ఉద్యోగం మానకండి. మెషిన్ మీ చేతిలోనే ఉంది, లేనిది లెక్కలు. ముందు ఆర్నెల్లు ఇంజినీరింగ్ మ్యాథ్స్ సొంతంగా చదవండి. అది లాగగలిగితే అప్పుడు, పనిచేసేవాళ్ల కోసం 2023-24 నుంచి సాంకేతిక విద్యా మండలి ఏఐసీటీఈ అనుమతిస్తున్న బీటెక్ బ్యాచ్ దగ్గర్లో ఏ కాలేజీలో ఉందో కనుక్కోండి. షిఫ్టు మార్పిడికి సూపర్‌వైజర్ ఒప్పుకుంటాడో లేదో ఫీజు కట్టకముందే అడగండి.