చెన్నై చెమటకు చార్జింగ్ చెవి మిషన్ ఆగుతుందా?

చెవి వెనక కూర్చుని, సన్నని తీగ చివర బుల్లి స్పీకరును చెవి రంధ్రంలోకి దించే మిషన్‌ను దుకాణాల్లో ఆర్‌ఐసీ అంటారు. మిషన్‌కు ఐదులో నాలుగు మార్కులివ్వచ్చు. అమ్మే తీరుకు రెండు ఎక్కువే.

వయసుతో వచ్చే చెవుడులో ముందు పోయేవి సన్నని ధ్వనులు: స, ష, ఫ, మనవరాలి గొంతు. ఆర్‌ఐసీ వాటినే పెంచి ఇస్తుంది. స్పీకరుకు తొడిగే మెత్తని సిలికాన్ టోపీ (డోమ్) రంధ్రాన్ని పూర్తిగా మూయదు కనుక సొంత గొంతు కుండలోంచి వచ్చినట్టు ఉండదు.

ఇబ్బందల్లా చెమటతో. పెట్టె మీద ఐపీ68 (దుమ్ము, నీరు లోపలికి పోవన్న గుర్తు) అని ఉంటుంది, కానీ ఆ పరీక్ష చేసేది మంచినీళ్లలో, ఉప్పు చెమటలో కాదు. చెమట, తల నూనె కలిసి చార్జింగ్ పిన్నుల మీద పేరుకుంటే చార్జింగ్ ఎక్కదు. ఇంటికి రాగానే పొడిబట్టతో తుడిచి, మూడు గంటలు చార్జ్ చేసి, బటన్ నొక్కి పట్టి ఆపేసి, రాత్రంతా సిలికా జెల్ డబ్బాలో ఉంచాలి. గుళికల రంగు మారితే కొత్తవి వేయాలి. శబ్దం తగ్గిందా? సర్వీసుకు పరుగెత్తకముందు వ్యాక్స్ గార్డ్ (స్పీకరులోకి గులిమి పోకుండా ఆపే బుల్లి జాలీ) మార్చి చూడండి. దానితో వచ్చే పుల్ల ఒక కొనతో పాతది లాగి, రెండో కొనతో కొత్తది గుచ్చడమే. ఈల వేస్తుంటే డోమ్ వదులైంది, లేదా చెవిలో గులిమి ఉంది. మాటీలు పెట్టుకునే రోజు ముందు మిషన్, తర్వాతే మాటీ. తీసేటప్పుడు మాటీ ముందు. లేకపోతే తీగ తెగుతుంది.

పరీక్ష దగ్గరే అసలు మోసం. హెడ్‌ఫోన్ పెట్టి పది నిమిషాల్లో ముగిస్తే ఒప్పుకోకండి. శబ్దమిచ్చే పరికరాన్ని చెవి వెనక ఎముక మీద పెట్టి చేసే పరీక్ష కూడా జరగాలి, లోపం చెవిలో ఎక్కడుందో తేల్చడానికి. ఉదాహరణకు ఓటోస్క్లెరోసిస్ అనే జబ్బులో చెవిలోని చిన్న ఎముక బిగుసుకుపోతుంది. ఇది ఆడవాళ్లలో ఎక్కువ, కొందరికి కాన్పుల తర్వాత బయటపడుతుంది. దానికి మిషన్ కన్నా ఆపరేషనే మేలు కావచ్చు. మాటల పరీక్ష తమిళ పదాలతో చేస్తే తెలుగింటి పెద్దావిడకు మార్కులు తగ్గేది చెవి వల్లో భాష వల్లో తేలదు. తెలుగు పదాలు అడగండి. ఒక చెవి ఉన్నట్టుండి వినపడకపోతే దుకాణానికి కాదు, ఆ రోజే ఈఎన్‌టీ డాక్టరు దగ్గరికి వెళ్లాలి.

"అత్తయ్యకు పరధ్యానం" అని ఇంట్లో తేల్చేసేది చాలాసార్లు చెవుడే. రోజంతా చెవులు రిక్కించి వినడంతో సాయంత్రానికి అలసట, ఆపైన పెళ్లిళ్లకూ పేరంటాలకూ వెళ్లడం మానేయడం. మతిమరుపు జబ్బు (డిమెన్షియా) ముప్పును పెంచే, సరిదిద్దుకోగల కారణాల్లో లాన్సెట్ వైద్య పత్రిక నిపుణుల కమిషన్ 2024లో లెక్కించిన 14లో వినికిడి లోపమూ ఒకటి. మిషన్ పెడితే మతిమరుపు రాదని హామీ ఇచ్చే సేల్స్‌మన్ మాట నమ్మక్కర్లేదు. మొదటి వారం రోజుకు రెండు మూడు గంటలతో మొదలుపెట్టాలి, అలవాటవడానికి నెల పైనే పడుతుంది. అందుకే ట్రయల్‌కు ఇవ్వని చోట కొనకండి. బిల్లులో జీఎస్టీ వేస్తే నిలదీయండి, వినికిడి మిషన్లకు అది లేదు.