రూ.210 ఎన్20 గేర్ మోటారుతో మీటర్ గేజ్ ఇంజిన్: వాచీలు రిపేరు చేసేవాడి రివ్యూ

గుంతకల్లులో నాది వాచీల రిపేరు షాపు. గిరాకీ లేని మధ్యాహ్నాల్లో అదే బల్ల మీద, అదే ఐగ్లాసు కంటికి తగిలించుకుని రైలింజన్ల మోడళ్లు చేస్తుంటాను. ఇత్తడి రేకు కోసి, ఫ్రేములు, చక్రాలను ఒకదానితో ఒకటి కలిపే సైడ్ రాడ్లు చేత్తో చేసి, కరెంటు ఇచ్చి పట్టాల మీద నడిపే రకం. ఈ రివ్యూ అందులో ఒకే ఒక్క వస్తువు గురించి. అది 12 వోల్టుల, 600 ఆర్‌పీఎం (నిమిషానికి 600 చుట్లు) ఎన్20 గేర్ మోటారు. చిన్న రోబోల కోసం ఎలక్ట్రానిక్స్ షాపుల్లో, ఆన్‌లైన్‌లో అమ్ముతారు. దాని మీద కంపెనీ పేరేమీ ఉండదు. రెండేళ్లలో ఆరు తెప్పించాను. ఒక్కొక్కటి 210 రూపాయలు పడింది. రెండు చాసిస్‌లలో (ఫ్రేములు, చక్రాలు ఉండే ఇంజిన్ కింది భాగం) వాడాను. చిన్న స్కేలులో సొంతంగా ఇంజిన్ చేయాలనుకునేవాళ్లకు కొనమనే చెబుతాను. కానీ ఈ మోటారుకున్న ఒక గుణం ముందే తెలిసి ఉంటే నా మొదటి చాసిస్ పాడయ్యేది కాదు. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

నేను చేస్తున్నది వైజీ. మా ఊరి నుంచి గుంటూరు వైపు, హుబ్లీ వైపు మీటర్ గేజ్ ఉన్నప్పుడు గూడ్సు బండ్లు లాగిన ఆవిరి ఇంజిన్. ముందు రెండు చిన్న చక్రాలు, మధ్యలో ఎనిమిది పెద్ద చక్రాలు, వెనక మళ్లీ రెండు. 1:87 స్కేలులో, అంటే అసలుదానిలో 87వ వంతు కొలతలో, మీటరు వెడల్పు పట్టా 11.5 మిల్లీమీటర్లు అవుతుంది. యూరప్‌లో వాళ్ల మీటర్ గేజ్ మోడళ్లకు వాడే 12 మి.మీ. పట్టా దానికి దాదాపు సరిపోతుంది కాబట్టి నేనూ అదే పెట్టుకున్నాను. అసలు వైజీ పెద్ద చక్రం నాలుగు అడుగులు, అంటే 1219 మి.మీ. మోడల్‌లో సరిగ్గా 14 మి.మీ. వస్తుంది.

చిక్కంతా ఆ 12 మి.మీ. దగ్గరే ఉంది. ఎదురెదురు చక్రాల లోపలి అంచుల మధ్య 10 మి.మీ. పైచిలుకు మాత్రమే దూరం. అందులో రెండు ఫ్రేముల మందం, పక్కలకు కదలడానికి కాస్త సందు పోగా నాకు మిగిలింది 8 మి.మీ. ఎన్20 మోటారు అడ్డకొలత 12 మి.మీ., 10 మి.మీ. ఎటు తిప్పినా ఫ్రేముల మధ్య దూరదు. పొడవు మోటారు 15, గేర్‌బాక్సు 9, మొత్తం 24 మి.మీ. అందుకని దాన్ని ఫ్రేముల పైన, ఫైర్‌బాక్సు లోపల, క్యాబ్ వైపు వెనక్కి వాల్చి కూర్చోబెట్టాను. షాఫ్టు ఏటవాలుగా కిందికి దిగి చివరి పెద్ద ఇరుసును తిప్పుతుంది. మిగతా మూడు ఇరుసులను సైడ్ రాడ్లు తిప్పుతాయి. బాయిలరు, క్యాబు పైన పెట్టాక మోటారు ఏ వైపు నుంచి చూసినా కనపడదు.

వేరే దారులు లేక దీన్ని ఎంచుకోలేదు. ఒకప్పుడు ఈ పనికి అందరూ వాడిన జపాన్ మషీమా మోటార్ల తయారీ ఆగిపోయింది. బ్రిటన్‌లో హై లెవెల్ అనే సంస్థ జర్మన్ సిల్వర్ రేకును మడిచి కట్టుకునే గేర్‌బాక్సులు అమ్ముతుంది. ఒకటి తెప్పించి కట్టాను. చాలా మంచి వస్తువు, గేర్లు గడియారంలో గేర్లలా కలుస్తాయి. అయితే మోటారు వేరుగా కొనాలి, పోస్టు ఖర్చు, కస్టమ్స్ కలిపి ఒక ఇంజిన్‌కు అయ్యే డబ్బుతో ఈ ఎన్20లు ఒక డబ్బా వస్తాయి. మొదటిసారి చేసేవాళ్లు చేతిలో వస్తువు పాడు చేసే నేర్చుకుంటారు. 210 రూపాయల వస్తువు పాడైతే చెయ్యి వణకదు.

వేగం లెక్క ముందు వేసుకోవాలి. 14 మి.మీ. చక్రం ఒక చుట్టు తిరిగితే 44 మి.మీ. ముందుకు పోతుంది. నా ఇరుసు మీద 20 పళ్ల క్రౌన్ గేరు (పళ్లు పక్క ముఖం మీద ఉండే గేరు), మోటారు షాఫ్టు మీద 8 పళ్ల చిన్న గేరు ఉన్నాయి. మోటారు రెండున్నర చుట్లు తిరిగితే ఇరుసు ఒక చుట్టు. అంటే 600 ఆర్‌పీఎం మోటారుతో చక్రం నిమిషానికి 240 చుట్లు. స్కేలు ప్రకారం గంటకు 55 కిలోమీటర్లు. గూడ్సు ఇంజిన్‌కు అంతకంటే ఎందుకు? ఇదే మోటారు 1000 ఆర్‌పీఎంలోనూ దొరుకుతుంది. అది పెడితే 90 దాటుతుంది, నిదానంగా నడిపించే అందం పోతుంది. 100 ఆర్‌పీఎం రకం పెడితే 9 కిలోమీటర్ల దగ్గరే ఆగిపోతుంది. ఇవన్నీ బయటికి ఒకేలా ఉంటాయి. లోపలి పళ్ల లెక్క మారుతుంది, అంతే. ఆర్డరు పెట్టేటప్పుడు ఆర్‌పీఎం, వోల్టేజి రెండూ చూసుకోండి.

వచ్చాక కూడా చూసుకోండి. నాకొచ్చిన ఆరింటిలో ఒకటి 12 వోల్టులని రాసిన ప్యాకెట్లో ఉన్న 6 వోల్టుల మోటారు. అమ్మినవాళ్లు మార్చి ఇవ్వలేదు. ఇప్పుడు ప్రతిదాన్నీ ముందు 3 వోల్టులతో తిప్పి, షాఫ్టు మీద సిరా చుక్క పెట్టి, స్టాప్‌వాచీతో ఒక నిమిషం చుట్లు లెక్కపెడతాను. 3 వోల్టుల దగ్గర సుమారు 140 రావాలి. అందుకు రెట్టింపు తిరిగితే అది 12 వోల్టులది కాదు. నా మంచి మోటారు పూర్తి 12 వోల్టుల దగ్గర 570 చుట్లు తిరిగింది. రాసినదానికి అంత దగ్గరగా ఉంటే చాలు.

గేర్‌బాక్సు విప్పడం నాకు ఇష్టమైన భాగం. రెండు పొడవు స్క్రూలు తీస్తే ఇత్తడి పలకల మధ్య చిన్న చిన్న పళ్ల చక్రాలు వరసగా బయటపడతాయి. ఐగ్లాసులో చూస్తే పళ్లు నేననుకున్నదానికంటే బాగా కోశారు. ఒక మోటారులో మాత్రం ఒక పంటి అంచున కోసినప్పటి సన్నటి ముక్క మిగిలి ఉంది. చుట్టుకోసారి టిక్కుమన్న శబ్దం దాని నుంచే వచ్చింది, సన్నటి రాయితో గీస్తే పోయింది. ఫ్యాక్టరీ గ్రీజు ఒక మోటారులో ముద్దలా ఉంటే, మరో దాంట్లో అసలు లేదు. అన్నీ పెట్రోలులో కడిగి ఆరబెట్టి, ఇరుసు కొసలకు సూదిమొన మీద నిలిచేంత నూనె పెట్టాను. గడియారంలో అయితే పళ్లకు నూనె పెట్టం. ఇక్కడ మోటారు పక్కనున్న మొదటి పళ్లు నిమిషానికి వేల చుట్లు తిరుగుతాయి కాబట్టి వాటికి మాత్రం ప్లాస్టిక్‌ను తినని తెల్ల గ్రీజు కొద్దిగా రాశాను. కీచుమనే శబ్దం సగానికి తగ్గింది. పూర్తిగా పోదు. బాయిలరు మూత పెట్టాక పక్కగదిలో కుట్టుమిషను నడుస్తున్నట్టు ఉంటుంది. నాకది ఇబ్బంది కాదు, నిశ్శబ్దం కోరేవాళ్లకు నచ్చకపోవచ్చు.

షాఫ్టు 3 మి.మీ. ఉంటుంది, ఒక పక్క చదునుగా చెక్కి ఉంటుంది. నా 8 పళ్ల గేరు బెజ్జం 2 మి.మీ. చదును పక్క మధ్య నుంచి సరిగ్గా 1 మి.మీ. దూరంలో ఉంది. అంటే షాఫ్టును 2 మి.మీ.కు తగ్గిస్తే ఆ చదును మాయమై మళ్లీ గుండ్రమవుతుంది. మోటారుకే కరెంటిచ్చి తిప్పుతూ సన్నటి ఆకురాయి ఆనించి తగ్గించాను. ఇనప రజను మోటారు లోపలికి పోతే అయస్కాంతం పట్టేసుకుని వదలదు. గేర్‌బాక్సు ముఖం తప్ప మిగతాదంతా టేపుతో చుట్టి ఈ పని చేయండి.

ఇప్పుడు అసలు విషయం. ఈ మోటారు లోపం దాని బలం. ఇంత చిన్న ఇంజిన్‌కు అవసరమైనదానికంటే చాలా ఎక్కువ బలం ఉంటుంది. ఆ బలం చాసిస్‌లో ఉన్న తప్పును కనపడకుండా దాచేస్తుంది.

నా మొదటి చాసిస్‌లో మూడో ఇరుసు బెజ్జం కాస్త పక్కకు పోయింది. కొలిస్తే మిల్లీమీటరులో పదో వంతు. బలం లేని మోటారు పెట్టి ఉంటే చుట్టుకోసారి పట్టేసి ఆగేది, ఆ రోజే నాకు తెలిసేది. ఎన్20 ఆగలేదు. పట్టాల మీద హాయిగా తిరిగింది. నేనూ సంబరపడ్డాను. వారం తర్వాత చూస్తే మూడో చక్రం క్రాంకు పిన్ను (సైడ్ రాడ్డు తగిలే పిన్ను) బెజ్జం కోడిగుడ్డు ఆకారంలో సాగింది, సైడ్ రాడ్డు వంగింది. చక్రాల మధ్య భాగాలు త్రీడీ ప్రింటులో తీయించిన రెసిన్‌వి, చుట్టూ లేత్ మీద తిప్పిన ఇనప పట్టీ. ఆ రెసిన్ నాలుగు చోట్ల చిట్లింది. రెండు నెలల పని పోయింది. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

రెండో చాసిస్‌కు పని వరస మార్చాను. సైడ్ రాడ్లు ముందు చేశాను. రెండు రాడ్ల రేకులను టంకంతో ఒకటిగా అతికి, బెజ్జాలు ఒకేసారి వేశాను. ఆ బెజ్జాలనే కొలతగా పెట్టుకుని, జంటగా అతికిన 0.5 మి.మీ. ఫ్రేము రేకుల్లో ఇరుసు బెజ్జాలు వేశాను. ఇలా చేస్తే కొలతలో తప్పు వచ్చినా రాడ్డులోనూ ఫ్రేములోనూ ఒకే తప్పు వస్తుంది, చక్రం తిరగడానికి అడ్డం రాదు. క్రాంకు పిన్నులకు పాత వాచీల కీ ఇచ్చే కాడలు కోసి వాడాను. గట్టి ఉక్కు, ఒక చివర మర కూడా ఉంటుంది. షాపులో డబ్బాల కొద్దీ ఉన్నాయి. ఒక పక్క పిన్నులకూ రెండో పక్క పిన్నులకూ అన్ని ఇరుసుల మీదా ఒకే తేడా, 90 డిగ్రీలు, ఉండాలి. ఇందుకు రేకుతో ఒక చిన్న అచ్చు చేసుకున్నాను.

తర్వాత మోటారు లేకుండానే పరీక్ష. 30 సెంటీమీటర్ల అద్దం పలక ఒక చివర కింద అగ్గిపెట్టె పెడతాను. ముందు రెండు ఇరుసులకే రాడ్డు తగిలించి వదిలితే తన బరువుకే జారుతూ కిందికి రావాలి. వచ్చాక మూడోది, తర్వాత నాలుగోది. ఎక్కడైనా ఆగితే ఆ చివరగా కలిపిన బెజ్జాన్నే వాచీ బ్రోచ్‌తో ఒక్క తిప్పు పెద్దది చేసి మళ్లీ వదలాలి. ఈ పనికి నాకు మూడు సాయంత్రాలు పట్టింది. అద్దం మీద ఎనిమిది చక్రాలూ ఎక్కడా తడబడకుండా దొర్లాకే మోటారు బిగించాను. ఎన్20 కొనేవాళ్లు దయచేసి ఈ పరీక్ష మానొద్దు. వేరే మోటార్లు తప్పును మీకు చెబుతాయి, ఇది చెప్పదు.

బిగించడం సులభం. గేర్‌బాక్సు ముఖం మీద 1.6 మి.మీ. స్క్రూలకు రెండు బెజ్జాలు ఉన్నాయి. ఫ్రేముల పైన అడ్డంగా ఒక ఇత్తడి పట్టీ అతికి, అందులో బెజ్జాలు కాస్త పొడుగ్గా కోశాను, పళ్లు ఎంత లోతుగా కలవాలో జరుపుకోవడానికి. సిగరెట్ పెట్టెలో ఉండే పల్చటి కాగితం ముక్క రెండు గేర్ల మధ్య పెట్టి బిగించి, తర్వాత తీసేస్తే సందు సరిగ్గా వస్తుంది. కరెంటు తీసుకోవడానికి చక్రాల పట్టీలకు ఆనేలా సన్నటి ఫాస్ఫర్ బ్రాంజ్ తీగలు పెట్టాను.

ఇక నడక. 1.5 వోల్టుల దగ్గర కదలడం మొదలై చక్రం నిమిషానికి 24 చుట్లు తిరుగుతుంది. స్కేలులో గంటకు ఐదున్నర కిలోమీటర్లు, మనిషి పక్కన నడిచే వేగం. సైడ్ రాడ్లు పైకి లేచి కిందికి దిగడం కంటికి స్పష్టంగా కనపడుతుంది. వాచీ సెల్లు మార్పించుకోవడానికి వచ్చిన ఒక పెద్దాయన, మీటర్ గేజ్ ఇంజన్ల మీద పనిచేసి రిటైరైన డ్రైవరు, కౌంటరు మీద దాన్ని చూసి, "ఏమప్పా, ఇంత నిదానంగా పోతాదా ఇది! షెడ్డులోంచి బయటికొచ్చేటప్పుడు ఇట్లే వచ్చేది," అన్నారు. అరగంట కూర్చుని పదిసార్లు నడిపించుకున్నారు. సెల్లు డబ్బులు నేను తీసుకోలేదు.

సీసం ముక్కలతో బరువు పెంచాక ఇంజిన్ 140 గ్రాములు ఉంది. సమతలం మీద తొమ్మిది వ్యాగన్లు లాగుతుంది, నలభైకి ఒకటి ఎత్తులో ఐదు. అంతకు మించితే మోటారు ఆగదు, చక్రాలు జారతాయి. మోటారు కాలిపోకుండా ఉండటానికి అదే మంచిది.

నచ్చనివి రెండున్నాయి. కరెంటు తీసిన వెంటనే ఇంజిన్ ఠక్కున నిలబడిపోతుంది. బరువైన బండి నెమ్మదిగా ఆగే తీరు రాదు. పట్టా మీద దుమ్ము ఉంటే కుదుపు కూడా కనపడుతుంది. వెనక వైపు కూడా షాఫ్టు బయటికి ఉన్న ఎన్20 రకం ఒకటి దొరుకుతుంది, చుట్లు లెక్కపెట్టే ఎన్‌కోడరు తగిలించడం కోసం చేసింది. ఆ సన్నటి షాఫ్టుకు 8 మి.మీ. ఇత్తడి ఫ్లైవీలు (కరెంటు పోయినా కాసేపు తిరుగుతూ ఉండే బరువు చక్రం) లేత్ మీద తిప్పి పెట్టాను. ఆ షాఫ్టు గేర్లకు ముందే, మోటారు పూర్తి వేగంతో తిరుగుతుంది కాబట్టి అంత చిన్న ఫ్లైవీలు కూడా పనిచేసింది. ఇప్పుడు రెండు మూడు సెంటీమీటర్లు సాగి ఆగుతుంది. కొనేవాళ్లు మొదటే ఆ రకం తీసుకోండి.

రెండోది ఆయుష్షు. వారానికి గంట చొప్పున నడిపితే మొదటి మోటారు పద్నాలుగు నెలలకు ఆగిపోయింది. విప్పితే లోపలి బ్రష్షులు పల్చటి రేకువి, అరిగి తెగిపోయాయి. గేర్లకు ఏమీ కాలేదు. అదే గేర్‌బాక్సుకు కొత్త మోటారు తగిలించాను, పావుగంట పని. ఒక్కో ఇంజిన్‌కు రెండు మోటార్లు కొని పెట్టుకోమని నా సలహా. నా దగ్గర ఇంకా రెండు మంచివి మిగిలాయి. ఒకటి ఈ వైజీకి స్పేరు. రెండోది మీటర్ గేజ్ ప్యాసింజరు ఇంజిన్ వైపీకి. దాని సైడ్ రాడ్ల రేకులు నిన్న రాత్రే టంకం పెట్టి అతికాను, బెజ్జాలు ఇంకా వేయలేదు.