మికాసా ఓడ మీద సగం రోజు: యుద్ధం ఎందుకొచ్చిందో చెప్పే గైడ్ టూర్

1904–05 నాటి రష్యా–జపాన్ యుద్ధం అనగానే చాలామంది త్సుషిమా సముద్ర యుద్ధం దగ్గర మొదలుపెట్టి త్సుషిమాతోనే ముగిస్తారు. జపాన్‌లోని యోకోసుకాలో, ఆ యుద్ధంలో పోరాడిన మికాసా ఓడ మీద మేం తీసుకున్న ఇంగ్లీష్ గైడ్ టూర్ అలా లేదు. మొదటి గంటంతా యుద్ధానికి ముందు తొమ్మిదేళ్ల గురించే మాట్లాడారు. నేను హైస్కూల్లో సోషల్ చెప్పి రిటైర్ అయినదాన్ని. ‘యుద్ధ కారణాలు’ అని నాలుగు పాయింట్లు బట్టీ పట్టించడం తేలిక. ఒక కారణం లోంచి ఇంకో కారణం ఎలా పుట్టిందో చెప్పడమే కష్టం. ఈ గైడ్ ఆ కష్టం పడ్డారు. ఐదుకి నాలుగు స్టార్లు ఇస్తున్నాను. ఐదోది ఎందుకు ఆపానో కింద రాశాను.

ఒక్కొక్కరికి 7,000 యెన్లు, ఓడ ఎక్కే టికెట్ అందులోనే. యోకోసుకా-చువో స్టేషన్ దగ్గర కలుసుకుని పార్కు దాకా నడిపించుకుని వెళ్తారు. మావారు, నేను, మా అమ్మాయి, అల్లుడు, ఇంకో జంట, అంతే మా గుంపు. చిన్న గుంపు కాబట్టి ప్రశ్నలు అడగడానికి మొహమాటం ఉండదు.

ఓడ ముందు, ఆ యుద్ధంలో జపాన్ నౌకాదళాన్ని నడిపిన అడ్మిరల్ టోగో విగ్రహం ఉంటుంది. గైడ్ అక్కడే నిలబడి టోగో గురించి ఒక్క మాట కూడా చెప్పకుండా, సంచిలోంచి పెద్ద మ్యాప్ తీసి బెంచీ మీద పరిచారు. చైనా ఈశాన్యంలో మంచూరియా దక్షిణపు కొసన ఉన్న లియావోడాంగ్ ద్వీపకల్పం మీద వేలు పెట్టి, ‘గొడవంతా ఇక్కడే మొదలు’ అన్నారు. చైనాని ఓడించిన జపాన్, 1895 ఏప్రిల్ 17న షిమోనోసెకి ఒప్పందంలో ఈ ద్వీపకల్పాన్ని రాయించుకుంది. సరిగ్గా ఆరు రోజులకి రష్యా, జర్మనీ, ఫ్రాన్స్ రాయబారులు టోక్యోలో విదేశాంగ శాఖకి వచ్చి, ఆ నేల చైనాకి తిరిగి ఇచ్చెయ్యమని ‘సలహా’ ఇచ్చారు. ముగ్గురితో ఒకేసారి తలపడే బలం జపాన్‌కి లేదు, ఇచ్చేసింది. అక్కడితో ఆగినా ఏమయ్యేదో గానీ, 1898 మార్చిలో అదే ద్వీపకల్పం కొసని, పోర్ట్ ఆర్థర్ రేవుతో సహా, రష్యాయే పాతికేళ్ల లీజుకి తీసుకుంది. ‘నీకు వద్దు’ అని లాక్కున్నవాడే మూడేళ్లు తిరక్కుండా వచ్చి అందులో కూర్చున్నాడు. ఇది విన్నాక ఆ తర్వాతి ఆరేళ్లు జపాన్‌లో జనం పన్నులు ఎందుకు మోశారో ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు.

నాకు అన్నిటికన్నా నచ్చింది ఆ తర్వాత చెప్పిన సంగతి. డెక్ ఎక్కాక ఆయన మమ్మల్ని ఫిరంగుల దగ్గరికి తీసుకెళ్లకుండా, కాళ్ల కింద ఉన్న ఓడనే చూడమన్నారు. 15,000 టన్నుల పైచిలుకు యుద్ధనౌక. ఇంగ్లండ్‌లో బారో-ఇన్-ఫర్నెస్ దగ్గర విక్కర్స్ కంపెనీ కట్టింది. 1900లో నీళ్లలోకి దించి, 1902లో జపాన్‌కి అప్పగించారు. మరి డబ్బు? చైనా కట్టిన యుద్ధ పరిహారం 20 కోట్ల టేల్‌ల (టేల్ అంటే చైనా తూకం) వెండి, లియావోడాంగ్ తిరిగి ఇచ్చినందుకు ఇంకో 3 కోట్లు. అప్పటి జపాన్ ప్రభుత్వ ఏడాది బడ్జెట్‌కి అది సుమారు నాలుగు రెట్లు. అందులో ఎక్కువ భాగం సైన్యానికి, నౌకాదళానికే పోయింది. ఒక యుద్ధంలో గెలిచిన సొమ్ముతో తర్వాతి యుద్ధానికి ఓడలు కొన్నారన్నమాట. పాఠంలో ‘ఆయుధ పోటీ’ అని రెండు పదాల్లో దాటేసే విషయం. ఆ ఇనుము మీదే నిలబడి వింటే పదో తరగతి పిల్లాడికైనా మనసుకి పడుతుంది.

రష్యా వైపు కథ కూడా న్యాయంగానే చెప్పారు. వ్లాడివోస్టాక్ రేవు చలికాలంలో గడ్డకడుతుంది, పోర్ట్ ఆర్థర్ గడ్డకట్టదు. సైబీరియా రైలుకి దగ్గరి దారిగా మంచూరియా మీదుగా లైను వెయ్యడానికి 1896లోనే చైనాతో ఒప్పందం చేసుకున్నారు. తర్వాత హార్బిన్ నుంచి పోర్ట్ ఆర్థర్‌కి ఇంకో లైను. 1900లో చైనాలో విదేశీయుల మీద బాక్సర్ల తిరుగుబాటు వచ్చింది, రైలుని కాపాడాలంటూ రష్యా సైన్యం మంచూరియా అంతటా దిగింది. 1902 ఏప్రిల్‌లో మూడు విడతలుగా ఖాళీ చేస్తామని ఒప్పుకున్నారు. మొదటి విడత జరిగింది. 1903 ఏప్రిల్‌లో జరగాల్సిన రెండోది జరగలేదు, పైగా కొత్త షరతులు పెట్టారు. అదే సమయంలో రష్యా చక్రవర్తి జార్ దగ్గర పలుకుబడి ఉన్న బెజొబ్రాజొవ్ బృందం, కొరియా సరిహద్దులోని యాలూ నది ఒడ్డున కలప వ్యాపారం పేరుతో కొరియా గడ్డ మీద అడుగుపెట్టింది. దూకుడు వద్దంటున్న ఆర్థిక మంత్రి విట్టెని ఆ ఆగస్టులో పదవి నుంచి తప్పించారు. ఈ ఏడాదిని గైడ్ నెలనెలా విడదీసి చెప్పిన తీరు చాలా బాగుంది. యుద్ధం తప్పే అవకాశం ఎక్కడెక్కడ చెయ్యిజారిందో కళ్ల ముందు కనిపించింది.

ఇక్కడే నా అసంతృప్తి. 1903 ఆగస్టులో రెండు దేశాల మధ్య మొదలైన బేరాలని టూర్ ‘జపాన్ ఓపిక, రష్యా జాప్యం’ అన్నట్టు చెప్పింది. జాప్యం నిజమే, రష్యా రాజధాని పీటర్స్‌బర్గ్ నుంచి జవాబులకి వారాలు పట్టేవి. కానీ బేరం దేని మీద? మంచూరియాలో నీ మాట, కొరియాలో నా మాట అని. 39వ అక్షాంశానికి ఉత్తరాన కొరియాని తటస్థ ప్రాంతంగా ఉంచుదామని రష్యా అంటుంది, కాదు సరిహద్దుకి అటూ ఇటూ యాభై కిలోమీటర్లని జపాన్ అంటుంది. ఇద్దరు మోతుబరులు మూడోవాడి పొలానికి గట్టు వేసుకుంటున్నట్టు ఉంది ఈ వ్యవహారం. ఆ మూడోవాడు, అంటే కొరియా, 1904 జనవరిలో తాను తటస్థమని ప్రపంచానికంతా ప్రకటించుకున్నాడు. మూడు వారాలు కాకముందే జపాన్ సైన్యం కొరియా రేవు ఇంచియాన్‌లో దిగింది. దానికి కొరియా ఒప్పుకోలును ఎవరూ లెక్కచెయ్యలేదు. 1910కల్లా కొరియా అనే రాజ్యమే లేదు. టూర్‌లో దీనికి దక్కింది ఐదు నిమిషాలు కూడా కాదు. నేను అడిగాక గైడ్ ఓపిగ్గా జవాబిచ్చారు, ఆయనకి అంతా తెలుసు. తెలిసినప్పుడు అడగకుండానే చెప్పాలి. యుద్ధ కారణాల్లో కొరియాని పేరుగా మాత్రమే వాడి, దేశంగా చూపించకపోవడం నాకు బాధ కలిగించింది.

1902 బ్రిటన్–జపాన్ కూటమి గురించి మా అల్లుడు అడిగిన ప్రశ్నకి మంచి జవాబు వచ్చింది. బ్రిటన్ స్వయంగా యుద్ధంలోకి దిగడానికి కాదు, రష్యాకి తోడుగా ఫ్రాన్స్ దిగకుండా ఆపడానికి ఆ కూటమి పనికొచ్చింది. 1895లో ముగ్గురు ఒక్కటై వచ్చిన అనుభవానికి అది జపాన్ వేసుకున్న అడ్డుకట్ట. 1891లో జపాన్‌లోని ఓత్సులో ఒక పోలీసు, తర్వాత జార్ అయిన అప్పటి రష్యా యువరాజు మీద కత్తి దూసిన సంగతి కూడా కారణాల్లో చేర్చారు గానీ, అది నాకు ఎక్కలేదు. జార్ మనసులోని కోపం కన్నా పట్టాలు, రేవులే ఎక్కువ చెప్తాయి.

యుద్ధం భాగం మామూలే: పై డెక్ మీద టోగో నిలబడిన చోటు, త్సుషిమా యుద్ధానికి ముందు ఆయన సంకేతంగా ఎగరేయించిన జెడ్ జెండా, ఫొటోలు. ఇప్పుడున్న పెద్ద ఫిరంగులు నమూనాలు, అసలువి రెండో ప్రపంచ యుద్ధం తర్వాత తీసేశారు. పిల్లలకి ఇదే ఇష్టంగా ఉంటుంది.

లోపలి మెట్లు నిటారుగా ఉన్నాయి. మోకాళ్ల నొప్పులున్న మావారు పై డెక్‌కి రాలేదు, గైడ్ ఆయన కోసం మ్యాప్ కింద వదిలి వెళ్లారు. గాలి బాగా ఉంటుంది కాబట్టి చలికాలంలో మఫ్లర్ తప్పనిసరి. వెళ్లే ముందు మంచూరియా, కొరియా మ్యాప్ ఒకసారి చూసుకోండి, 1904 జనవరి 21 నాటి కొరియా ప్రకటన గురించి మీరే అడగండి. అడిగితే బాగా చెప్తారు.