పోలో జీటీ: టీఎస్ఐ గేర్‌బాక్స్ మీద ఇష్టం, దాని మీదే కోపం

ఫోక్స్‌వ్యాగన్ పోలో జీటీ కారు పెట్రోల్ రకమైన టీఎస్ఐలో రెండు నుంచి మూడు, మూడు నుంచి నాలుగు గేర్లు పడటం చెవికి తెలుస్తుంది, ఒంటికి తెలియదు. ఇంజను చప్పుడు ఒక మెట్టు దిగుతుంది, అంతే. తల ఊగదు, లాగుడు తెగదు. పోలో జీటీ పెట్రోల్, డీజిల్ రెండు రకాలనూ ఏళ్ల తరబడి నడిపాక కూడా ఈ ఒక్క విషయం దగ్గర మనసు మెత్తబడుతుంది. బండి మీద కోపం వచ్చేదీ ఈ గేర్‌బాక్స్ దగ్గరే.

డోర్ మూస్తే వచ్చే ధబ్బుమనే చప్పుడు, గట్టి రేకు, వెనక సీట్లో మోకాళ్లకు చోటు లేకపోవడం అందరికీ తెలిసినవే, వదిలేద్దాం. ఇక్కడ మాట్లాడేది 2013లో వచ్చిన 1.2 పెట్రోల్ జీటీ టీఎస్ఐ, అదే ఏడాది దాని వెనకే వచ్చిన డీజిల్ జీటీ టీడీఐ గురించి. మొదటిదానికి గేర్లు తనే మార్చుకునే ఏడు గేర్ల ఆటోమేటిక్ డీఎస్‌జీ, రెండోదానికి ఐదు గేర్ల మాన్యువల్. రెండూ మొదట 105 పీఎస్ (హార్స్‌పవర్ లాంటి కొలత) వే. టార్క్, అంటే లాగే బలం, మాత్రం పెట్రోల్‌కు 175 ఎన్ఎమ్, డీజిల్‌కు 250. టీడీఐ మొదట 1.6 లీటర్లతో వచ్చి మరుసటి ఏడాదే 1.5కి దిగింది. దానికి కారణం పన్ను. నాలుగు మీటర్లలోపు పొడవు, 1,500 సీసీలోపు డీజిల్ అయితేనే చిన్న కారు ఎక్సైజు వర్తించేది. బీఎస్6 కాలుష్య నిబంధనలతో 2020లో టీడీఐ పోయింది, 2022లో పుణె దగ్గరి చాకన్‌లో పోలో తయారీయే ఆగిపోయింది. అంటే ఇప్పుడు కొనేది ఏదైనా సెకండ్ హ్యాండే. అందుకే బండి కొత్తగా ఎలా ఉండేదన్నదాని కంటే పాతబడ్డాక ఎలా ఉంటుందన్నదే ముఖ్యం.

డీఎస్‌జీ లోపల రెండు క్లచ్‌లు ఉంటాయి. ఒకటి 1, 3, 5, 7 గేర్లకు, రెండోది 2, 4, 6, రివర్స్‌కు. మూడో గేర్లో పోతున్నప్పుడే నాలుగో గేరు లోపల పడి కూర్చుని ఉంటుంది. ఒక క్లచ్ వదలడం, ఇంకోటి పట్టడం, అంతే పని. టీఎస్ఐలో ఆ 175 ఎన్ఎమ్ 1,500 ఆర్‌పీఎమ్ నుంచే దొరుకుతుంది కాబట్టి హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు మీద ర్యాంపు ఎక్కి, లివర్ ‘ఎస్’ (స్పోర్ట్)లోకి లాగి తొక్కితే చాలు, బండి గీత గీసినట్టు ఎత్తుకుంటుంది. స్టీరింగ్ వెనక గేర్లు మార్చే మీటలు, అంటే ప్యాడిల్స్, ఇవ్వకపోవడం ఒక్కటే పిసినారితనం. మాన్యువల్‌గా వెయ్యాలంటే లివర్‌ని పక్కకు తోసి, ముందుకంటే పై గేరు, వెనక్కంటే కింది గేరు.

ఇంతవరకు చదివి వెంటనే పాత టీఎస్ఐల ప్రకటనలు వెతక్కండి. పైన చెప్పిన మెత్తదనం కదులుతున్న రోడ్డు మీది సంగతి. ఈ గేర్‌బాక్స్ క్లచ్‌లు పొడివి. పెద్ద ఇంజన్ల పక్కన వచ్చే ఆరు గేర్ల డీఎస్‌జీలో క్లచ్‌లు ఆయిల్‌లో మునిగి ఉంటాయి, వేడిని ఆ ఆయిల్ మోసుకుపోతుంది. ఇక్కడ చల్లబరిచేది గాలి ఒక్కటే. పంజాగుట్ట, అమీర్‌పేట వరసలో సాయంత్రం ఆరింటికి ఆ గాలి ఎక్కడిది? పైగా మైలేజీ కోసం ‘డీ’ (మామూలు డ్రైవ్)లో బండి తొందరపడి 15 కిలోమీటర్ల వేగానికే రెండో గేరులోకి పోతుంది. ముందు బండి ఆగుతుంది, మళ్లీ ఒకటి. కదులుతుంది, మళ్లీ రెండు. గంటసేపు ఇదే ఆట. ప్రతిసారీ క్లచ్ సగం పట్టి, సగం జారుతుంది. జారినకొద్దీ ప్లేటు మెరుగు పెట్టినట్టు నున్నబడుతుంది. ఆ తర్వాత ఒకటి నుంచి రెండుకు పడేటప్పుడు బండి ఒణికినట్టు కుదుపు మొదలవుతుంది. జడ్డర్ అనేది దీన్నే. దీనితో బండి ఆగిపోదు గానీ క్లచ్ ప్యాక్ ఖర్చు దగ్గరపడిందని అర్థం.

రోడ్డు మధ్యలో ఆపేసేది మెకట్రానిక్. గేర్‌బాక్స్‌కు మెదడూ చేతులూ కలిపి ఒకే డబ్బాలో పెట్టినట్టు ఉండే భాగం ఇది. దీనికి సొంతంగా ఒక లీటరు దాకా హైడ్రాలిక్ ఆయిల్ ఉంటుంది. గేర్లకు పోసే 1.7 లీటర్ల ఆయిల్ వేరు, రెండూ కలవవు. కరెంటు మోటారు పంపు ఈ ఆయిల్‌ను అక్యుములేటర్ అనే చిన్న సీసాలోకి ఒత్తిడితో నింపి ఆగుతుంది. గేర్లు మారినప్పుడల్లా ఆ ఒత్తిడి కొంత ఖర్చవుతుంది, తగ్గగానే పంపు మళ్లీ నింపుతుంది. సమస్యంతా ఆ సీసాను బిగించిన చోట. అల్యూమినియం ఒంటిలోకి మరలు తిప్పి బిగించి ఉంటుంది. వేల సార్లు ఒత్తిడి ఎక్కి దిగేసరికి ఆ మర మొదట్లో సన్నటి చీలిక వస్తుంది. ఆయిల్ కారడం మొదలవుతుంది, పంపు ఆగకుండా తిరుగుతుంది, చివరికి కంప్యూటరే దాన్ని కాపాడుకోడానికి ఆపేస్తుంది. స్కానర్‌లో పీ17బీఎఫ్ అనే కోడ్ కనిపిస్తే కథ ఇదే.

ఈ క్లచ్‌లు ఒత్తిడి ఉంటేనే పట్టుకుంటాయి. మాన్యువల్ క్లచ్ దీనికి తలకిందులు, పెడల్ తొక్కితే తప్ప వదలదు. కాబట్టి ఇక్కడ ఒత్తిడి పోయిందంటే రెండు క్లచ్‌లూ వదిలేస్తాయి. ఇంజను ఆగదు, ఏసీ ఆగదు, యాక్సిలరేటర్ తొక్కితే ఆర్‌పీఎమ్ లేస్తుంది, బండి మాత్రం న్యూట్రల్‌లో ఉన్నట్టు దొర్లుతుంది. మీటర్‌లో గేరు గుర్తు మిణుకుమిణుకుమంటుంది. అప్పుడు యాక్సిలరేటర్ తొక్కి లాభం లేదు. హజార్డ్ వేసి, ఉన్న ఊపుతోనే ఎడమకు చేర్చి, ‘పీ’లో పెట్టి, ఇంజను ఆపి పది నిమిషాలు వదిలెయ్యండి. వేడి వల్ల వచ్చిన తిక్క అయితే మళ్లీ స్టార్ట్ చేసినప్పుడు గేరు పడుతుంది, అక్కడి నుంచి నెమ్మదిగా ఇంటికో షెడ్డుకో చేరొచ్చు. చీలిక అయితే పడదు. అప్పుడు ఫ్లాట్‌బెడ్ పిలవడమే మేలు. తాడు కట్టి లాగక తప్పకపోతే ‘ఎన్’లో పెట్టి, 50 కిలోమీటర్ల వేగం, 50 కిలోమీటర్ల దూరం దాటించొద్దు.

అన్ని గేర్లూ పోకుండా సగమే పోయే రకం ఇంకోటి ఉంది. రివర్స్ పడక, ముందుకు మాత్రం ఒకటి, మూడు, ఐదులతో కుంటుతూ పోతోందంటే సరిసంఖ్య వైపు క్లచ్‌నో, దాన్ని నడిపే భాగాన్నో బండి పక్కన పెట్టేసిందని అర్థం. రెండో గేరుతో మూలుగుతూ కదిలి, రివర్స్ మాత్రం బాగానే పడుతోందంటే బేసి వైపు పోయింది. మెకానిక్‌కు ఫోన్ చేసినప్పుడు ‘గేరు పడట్లేదు’ అని ఊరుకోకుండా ఈ ముక్క కూడా చెబితే సగం వెతుకులాట తప్పుతుంది.

ఇది ఒక్క ఊరి గోల కాదు. చైనాలో 2013లో ఈ రకం గేర్‌బాక్స్ ఉన్న 3,84,181 బండ్లను వెనక్కి పిలిచారు. అదే ఏడాది చివర్లో ప్రపంచవ్యాప్తంగా 16 లక్షల బండ్లలో సింథటిక్ గేర్ ఆయిల్ తీసి మినరల్ ఆయిల్ పోసే పని పెట్టుకున్నారు. వేడి, తేమ ఎక్కువుండే చోట సింథటిక్ ఆయిల్ వల్ల లోపలి కరెంటు భాగాలు పాడవుతున్నాయన్నది అప్పుడు చెప్పిన కారణం. విశాఖ, విజయవాడ వాళ్లకు వేడీ తేమా కలిస్తే ఏమిటో వేరే చెప్పక్కర్లేదు. అక్యుములేటర్ చీలిక మీద ఆస్ట్రేలియాలో 2019లో రీకాల్ జరిగింది. ఇక్కడ మెకట్రానిక్ డబ్బా మొత్తం మార్చాలంటే ఖర్చు లక్ష దాటుతుంది. డీఎస్‌జీ పని తెలిసిన బయటి షెడ్లలో అయితే చీలిన ఒంటిని మాత్రం మార్చి, మర చుట్టూ బలం కోసం మెటల్ ప్లేటు బిగించి ఇస్తారు, ఖర్చు బాగా తగ్గుతుంది. ఏది చేయించినా చివర్లో స్కానర్‌తో బేసిక్ సెట్టింగ్, అంటే క్లచ్ ఎక్కడ పట్టాలో కంప్యూటర్‌కు మళ్లీ నేర్పడం, చేయించాలి. అది మరిస్తే కొత్త భాగంతో పాత కుదుపే మిగులుతుంది.

క్లచ్ ఆయుష్షు చాలావరకు నడిపేవాళ్ల కుడికాలి చేతిలో ఉంది. ట్రాఫిక్‌లో బ్రేకు మీద కాలు ఆనీ ఆననట్టు పెట్టి పాకించొద్దు. గట్టిగా నొక్కితేనే క్లచ్ పూర్తిగా వదులుతుంది. ముందు రెండు కార్ల జాగా ఖాళీ అయ్యాక కదిలి, పది కిలోమీటర్ల వేగం దాకా ఒకేసారి పోనిచ్చి ఆపాలి. వెనకవాడు హారన్ కొడతాడు, కొట్టనివ్వండి. లివర్ మాన్యువల్‌లో పెట్టి మొదటి గేరునే పట్టి ఉంచితే ఒకటి రెండుల ఊగిసలాట పోతుంది. జూబ్లీహిల్స్ లాంటి ఎక్కుడు రోడ్ల మీద యాక్సిలరేటర్‌తో బండిని నిలబెట్టడం అన్నిటికంటే చెడ్డది, దానికి బండి వెనక్కి జారకుండా కాసేపు బ్రేకు పట్టి ఉంచే హిల్ హోల్డ్ ఉంది, వాడుకోండి.

ఇక టీడీఐ. దీన్ని తిట్టడానికి ఒకే కారణం: 1,800 ఆర్‌పీఎమ్ కింద ప్రాణం లేదు. కాగితం మీద 250 ఎన్ఎమ్ 1,500 నుంచే అని రాసినా, స్పీడ్ బ్రేకర్ దాటి రెండో గేరులో 15 వేగంతో తొక్కితే బండి ముక్కుతుంది. అనంతగిరి ఘాట్‌లో అరకు వైపు ఎక్కేటప్పుడు బిగుతు మలుపుల దగ్గర మొదటి గేరు వెయ్యాలా వద్దా అని ప్రతిసారీ తేల్చుకోవాల్సిందే. క్లచ్ పెడల్ బరువు, ఊళ్లో ఎడమకాలికి సాయంత్రానికి తెలుస్తుంది. అదే విజయవాడ హైవే ఎక్కాక నాలుగో గేరులో 80 మీద లారీని దాటాలంటే గేరు దించే పనే లేదు, వెనక నుంచి ఎవరో తోసినట్టు పోతుంది. టీఎస్ఐ అదే చోట ‘డీ’లో ఒక క్షణం ఆలోచించి, రెండు గేర్లు దించి, అప్పుడు కదులుతుంది.

టీడీఐ మైలేజీ ఊళ్లో 14-15, హైవే మీద 19-21. టీఎస్ఐ ఊళ్లో 9-11, హైవే మీద 15-17. బంకుల్లో ఈ20 (20 శాతం ఇథనాల్ కలిపిన) పెట్రోలే దొరుకుతున్నాక టీఎస్ఐది ఇంకాస్త తగ్గుతుంది. ఈ ఇంజను ఈ20 రాకముందు కాలానిది. ఇదంతా చూసి టీడీఐయే లాభం అనుకుంటే, ఆ లాభంలో కొంత, ఇంజను అదురును గేర్‌బాక్స్ దాకా పోనివ్వకుండా మింగే డ్యూయల్ మాస్ ఫ్లైవీల్ అనే చక్రం తినేస్తుంది. న్యూట్రల్‌లో గలగల చప్పుడు వస్తూ, క్లచ్ తొక్కగానే ఆగిపోయినా, ఇంజను ఆపేటప్పుడు బండి దడదడలాడినా అనుమానం దాని మీదే. క్లచ్ ప్లేటుతో కలిపే మార్చాలి, విడిగా చేయిస్తే రెండుసార్లు గేర్‌బాక్స్ దింపుడు కూలి. రోజూ మూడు నాలుగు కిలోమీటర్లే తిరిగే బండికి పొగలో కొంత మళ్లీ ఇంజనులోకి పంపే ఈజీఆర్ వాల్వ్‌లో మసి పేరుకుంటుంది. హీటర్ గుర్తు మిణుకుతూ పికప్ పడిపోతే ముందు అది చూడాలి. టైమింగ్ బెల్టు మార్చిన బిల్లు లేకుండా లక్ష కిలోమీటర్లు దగ్గరపడిన టీడీఐ అయితే, బెల్టు, వాటర్ పంపు ఖర్చు ధరలోంచి తగ్గించుకుని మాట్లాడండి. టీఎస్ఐలో ఉన్న ఈఎస్‌పీ (మలుపుల్లో బండి జారిపోకుండా చూసే ఏర్పాటు) టీడీఐకి ఇవ్వలేదు. వానాకాలం ఘాట్‌లో ముందు బరువున్న బండికి అది ఉండాల్సింది.

నా వరకైతే టీఎస్ఐయే, అదీ రోజువారీ దారి ఔటర్ మీదుగా కాబట్టి, గేర్‌బాక్స్ ఖర్చుకు కొంత డబ్బు పక్కన పెట్టుకోగలను కాబట్టి. అదే రోజూ కూకట్‌పల్లి నుంచి గచ్చిబౌలి, ఇంట్లో ఇదొక్కటే బండి అయితే ఈ మాట అనేవాణ్ని కాదు. నెలకు 1,500 కిలోమీటర్లు దాటి, అందులో సగానికి పైగా హైవే అయితే టీడీఐ. ఆటోమేటిక్ తప్పనిసరి అనుకునేవాళ్లు 2020 తర్వాతి 1.0 టీఎస్ఐ చూడొచ్చు. అందులోది క్లచ్‌లకు బదులు ఆయిల్ ద్వారా బలం అందించే టార్క్ కన్వర్టర్ గేర్‌బాక్స్, పైన చెప్పిన గోలంతా ఉండదు, ఆ గేరు పడే సుఖమూ ఉండదు.

పాత టీఎస్ఐ చూడటానికి వెళ్లేటప్పుడు బండి ముందే స్టార్ట్ చెయ్యొద్దని ఫోన్లోనే చెప్పండి. డ్రైవర్ డోర్ తెరవగానే పంపు ఒకటి రెండు సెకన్లు జుయ్‌మంటుంది, అది మామూలే. స్టార్ట్ చేసి బ్రేకు నొక్కి ఊరికే కూర్చున్నప్పుడు కూడా కొన్ని సెకన్లకోసారి ఆ చప్పుడు వస్తుంటే అక్యుములేటర్ నీరసించినట్టే. ‘పీ’ నుంచి ‘ఆర్’, ‘ఆర్’ నుంచి ‘డీ’ నాలుగైదు సార్లు మార్చి, గేరు పట్టడానికి ఎంతసేపు తీసుకుంటోందో చూడండి. సమతలం మీద బ్రేకు వదిలి పాకనివ్వండి, ఎక్కుడులో రివర్స్ వెయ్యండి. తర్వాత అరగంట ట్రాఫిక్‌లో తిప్పి మళ్లీ ఇవన్నీ చెయ్యండి, ఎందుకంటే చల్లని గేర్‌బాక్స్ నిజం చెప్పదు. వెళ్లేసరికే బోనెట్ వెచ్చగా తగిలితే, మాట్లాడకుండా టీ తాగడానికి పోయి రెండు గంటల తర్వాత రండి.