ఆరేళ్లు ఆడిన పోకర్ సైటు: హ్యాండ్ హిస్టరీ ఉన్నప్పుడు, లేనప్పుడు

ఈ సైటులో ఆరేళ్లుగా ఆడుతున్నాను. టేబుళ్లు ఎన్ని, బోనసు ఎంత అన్నవి అందరికీ తెలిసినవే కాబట్టి వాటి జోలికి వెళ్లను. నేను చెప్పదలచుకున్నది ఒక్క సౌకర్యం గురించే. ఆడిన ప్రతి ఆటలోనూ ఎవరు ఎంత పెంచారో, ఏ ముక్క ఎప్పుడు పడిందో పొల్లుపోకుండా రాసి ఉండే హ్యాండ్ హిస్టరీ ఫైలు అది. ఇన్నేళ్లు ఇక్కడే ఉండిపోవడానికి అదే కారణం. నిరుడు దాన్ని కత్తిరించినందుకు కలిగిన కోపం నాకు ఇంకా తగ్గలేదు.

మొదట్లో నాకూ ముక్కలు కలపడం మీదే అనుమానం ఉండేది. రెండు ఆసులతో చిప్పులన్నీ ఒడ్డితే, రివర్‌లో (టేబుల్ మీద అందరికీ ఉమ్మడిగా పరిచే అయిదు ముక్కల్లో చివరిది) ఎదుటివారికి మూడో రాజు పడటాన్ని వారంలో రెండుసార్లు చూసినవారికి ఆ అనుమానం రావడం సహజమే. అందుకే నా 38,000 ఆటల ఫైళ్లను దించుకుని లెక్క తీశాను. చేతికి రెండు ఆసులు సగటున 221 ఆటలకు ఒకసారి రావాలి. ఆ లెక్కన 172 సార్లు రావలసి ఉండగా, నాకు 166 సార్లు వచ్చాయి. ఫ్లాప్‌కు (ఆ అయిదింటిలో మొదట పరిచే మూడు ముక్కలు) ముందే పెద్ద జంటతో చిన్న జంట మీద అన్నీ ఒడ్డిన ఆటలు 61 ఉంటే, వాటిలో సుమారు 50 గెలవాలి, 47 గెలిచాను. అంటే అలాంటి ఆటల్లో దాదాపు అయిదింట ఒకటి ఓడిపోవడం మామూలే. నాలుగు టేబుళ్లు ఒకేసారి తెరుచుకుని కూర్చున్నవారికి ఆ ఓటములు వెంటవెంటనే ఎదురవుతాయి. ఆ లెక్క చూశాక ముక్కల విషయంలో నా మనసు కుదుటపడింది, ఇప్పటికీ ఆ మాట మీదే ఉన్నాను.

ఆ అనుమానం ఎప్పుడూ నిరాధారమేనని మాత్రం అనను. 1999లో ప్లానెట్ పోకర్ అనే సైటులో ముక్కలు కలిపే పద్ధతి నిజంగానే లోపభూయిష్టమని తేలింది. 52 ముక్కల పేకను అమర్చగల తీరుల సంఖ్య 68 అంకెలది. అక్కడేమో అర్ధరాత్రి నుంచి గడిచిన మిల్లీసెకన్లను బట్టి పేక తయారయ్యేది కాబట్టి, మొత్తం 8.64 కోట్ల అమరికలు మాత్రమే సాధ్యమయ్యేవి. చేతిలోని రెండు ముక్కలు, ఫ్లాప్‌లోని మూడు ముక్కలు తెలిస్తే మిగతా పేకంతా చెప్పేయవచ్చని కొందరు సాఫ్ట్‌వేర్ నిపుణులు చేసి చూపించారు. కలిపే పద్ధతిని ఆ సైటే బయటపెట్టి ఉండటం వల్ల వారికి ఆ లోపం దొరికింది.

నాకు అసలు దెబ్బ తగిలింది ముక్కల వల్ల కాదు, పక్క కుర్చీల వల్ల. మూడేళ్ల కిందట ఆరుగురు కూర్చునే టేబుళ్లలో ఇద్దరు తరచుగా నాకు తగిలేవారు. ఒకరోజు నా చేతిలో రెండు రాణులున్నాయి. మొదటి వ్యక్తి మూడు బ్లైండ్లకు (ఆట మొదట్లో తప్పనిసరిగా కట్టే పందెం బ్లైండ్, దానితోనే పందేలు కొలుస్తాం) పెంచితే నేను పదికి పెంచాను. రెండో వ్యక్తి 25 అన్నాడు, వెంటనే మొదటి వ్యక్తి 60 అన్నాడు. ఇద్దరిలో ఒకరి దగ్గరైనా ఆసులో రాజులో ఉంటాయనుకుని ఫోల్డ్ చేశాను, అంటే ముక్కలు పడేసి తప్పుకున్నాను. రెండో వ్యక్తి కాల్ చేశాడు, అంటే ఆ 60కి సమానంగా వేశాడు, పాట్ (మధ్యలో పోగైన పందెం) 130 బ్లైండ్లు దాటింది. అంత పాట్ కళ్లెదుట ఉన్నా, చేతిలో చెరో 40 బ్లైండ్లు మిగిలి ఉన్నా, ఫ్లాప్ నుంచి రివర్ దాకా ఇద్దరూ పందెమేమీ వేయకుండా చెక్ చేసుకుంటూ పోయారు. చివరికి ఓడినవారి ముక్కలు టేబుల్ మీద కనిపించవు గాని ఫైలులో కనిపిస్తాయి. ఒకరి దగ్గర ఏడు, అయిదు, మరొకరి దగ్గర ఆసు, నాలుగు ఉన్నాయి. మధ్యలో ఉన్న నన్ను బయటికి నెట్టడానికే ఆ పెంపులన్నీ.

ఆ రాత్రి పాత ఫైళ్లన్నీ వెతికాను. వాళ్లిద్దరూ ఒకే టేబుల్ మీద నాతో ఆడిన ఆటలు 1,140. వాటిలో ఒక్కసారి కూడా రివర్‌లో ఒకరి మీద ఒకరు పందెం వేయలేదు. ఈ వివరాలన్నీ జతచేసి సైటుకు ఫిర్యాదు పంపితే, 23 రోజుల తర్వాత నా ఖాతాలో 212 బ్లైండ్ల విలువ జమచేసి, విచారణ ముగిసిందని ఒక్క వాక్యం రాశారు. ఎవరిని పట్టుకున్నారో, ఎన్నాళ్లుగా జరిగిందో చెప్పలేదు. లైసెన్సు ఇచ్చిన నియంత్రణ సంస్థకు రాస్తే, ముందుగా సైటు అంతర్గత ఫిర్యాదు ప్రక్రియ పూర్తి చేయమన్నారు. అది పూర్తయిందని రాసిన ఉత్తరానికి జవాబు రాలేదు. సైటు అడుగున కనిపించే ధ్రువపత్రం ముక్కలు పడే తీరుకు మాత్రమే హామీ. కుర్చీల్లో కూర్చున్నవారు కుమ్మక్కయ్యారా, మనుషుల బదులు ఆడే సాఫ్ట్‌వేర్ బాట్లా అన్నది దాని పరిధిలోకి రాదు.

2007లో అబ్సల్యూట్ పోకర్ అనే సైటులో మోసం బయటపడిన తీరును కూడా ఇక్కడ గుర్తుచేయాలి. ఒక టోర్నమెంటులో రెండో స్థానంలో నిలిచిన ఆటగాడు తన హ్యాండ్ హిస్టరీ అడిగితే, సైటు పొరపాటున అందరి ముక్కలూ ఉన్న ఫైలు పంపింది. గెలిచిన ఖాతా ఎదుటివారి ముక్కలు చూస్తూ ఆడిందని ఆటగాళ్లే దాన్ని చదివి పట్టుకున్నారు. దానికి లైసెన్సు ఇచ్చిన కెనడాలోని కానవాకే గేమింగ్ కమిషన్ 5 లక్షల డాలర్ల జరిమానా వేసింది ఆ తర్వాతే, 2008 జనవరిలో.

అలాంటి ఫైలును ఈ సైటు నిరుడు 30 రోజులకు కుదించింది, పేర్ల స్థానంలో టేబుల్ టేబుల్‌కూ మారే అంకెలు పెట్టింది. కొత్తవారి ఆటతీరును సాఫ్ట్‌వేర్‌తో పసిగట్టి వేటాడేవారిని ఆపడానికేనన్నారు. ఆ వేట నిజమే, నేనూ చూశాను. అయితే ఆ ఇద్దరి కుమ్మక్కును పట్టించిన లాంటి లెక్క ఇప్పుడు ఎవరూ తీయలేరు. కనీసం ఫిర్యాదు చేసినవారికైనా పాత ఫైళ్లు పేర్లతో సహా ఇచ్చి ఉంటే నాకు ఇంత బాధ ఉండేది కాదు.

గతంలో రాసిన సమీక్షలో డబ్బు మర్నాడే చేతికి వస్తుందని పొగిడాను. చిన్న మొత్తాల విషయంలో అది ఇప్పటికీ నిజమే. పెద్ద మొత్తం తీసుకోబోతే మాత్రం 11 రోజులు పట్టింది. 2011 మార్చి 31 నాటికి ఫుల్ టిల్ట్ అనే పోకర్ సైటు ఆటగాళ్లకు సుమారు 39 కోట్ల డాలర్లు బాకీ ఉంటే, బ్యాంకు ఖాతాల్లో 6 కోట్లే ఉన్నాయని అమెరికా న్యాయశాఖ చెప్పింది. కాబట్టి ఆటగాళ్ల డబ్బు వేరే ఖాతాలో ఉంచుతారా అని మొదటిరోజే అడిగి ఉండవలసింది.

ఇప్పుడు నేను నేరుగా డబ్బు ఒడ్డే క్యాష్ టేబుళ్లు మానేసి, చిన్న టోర్నమెంట్లు మాత్రమే ఆడుతున్నాను. అక్కడ టేబుళ్లు మారుతుంటాయి కాబట్టి ఇద్దరు ఎప్పుడూ పక్కపక్కనే ఉండటం కష్టం. పోయినా ఇబ్బంది లేని డబ్బు, లెక్కలు తీసే ఓపిక ఉన్నందువల్ల నాకు ఇలా కొనసాగడం కుదురుతోంది. ఆటనే ఆదాయంగా చూసుకునేవారికి ఈ సైటు సరిపోతుందని చెప్పలేను. నెలాఖరున ఫైళ్లు దించుకోవడం ఇంకా మానలేదు, పాత 38,000 ఆటలూ నా దగ్గర భద్రంగానే ఉన్నాయి. ఆ 30 రోజుల గడువును వెనక్కి తీసుకుంటే ఈ సమీక్షను మార్చి రాస్తాను.