గుల్మార్గా, ఔలీనా?

స్కీయింగ్ నేర్చుకుందామని మనవైపు నుంచి బయల్దేరేవాళ్లకు చివరికి ఈ రెండు పేర్లే మిగులుతాయి.

బదరీనాథ్ వెళ్లొచ్చినవాళ్లకి ఔలీ దారి తెలిసినట్టే. రిషికేశ్ నుంచి సుమారు 250 కిలోమీటర్ల ఘాట్ రోడ్డెక్కి జోషీమఠ్ చేరితే, ఔలీ దాని నెత్తి మీదే ఉంటుంది. ఎదురుగా 7,816 మీటర్ల నందాదేవి. ఐటీబీపీ (ఇండో-టిబెటన్ సరిహద్దు పోలీసు) జవాన్లు స్కీయింగ్ నేర్చుకునేది ఈ వాలుల మీదే. 2011లో దక్షిణాసియా శీతాకాల క్రీడలూ జరిగాయి. జోషీమఠ్ నుంచి పైకి దాదాపు 4 కిలోమీటర్ల రోప్‌వే ఉండేది. 2023 జనవరిలో ఊరి నేల కుంగి ఇళ్లు బీటలు వారడంతో దాన్ని ఆపేశారు. మంచు కూడా ఒక్కో ఏడాది మొహం చాటేస్తుంది.

గుల్మార్గ్ కథ పాతది. ఇంగ్లీషువాళ్లు 1927లోనే ఇక్కడ స్కీ క్లబ్ పెట్టారు. శ్రీనగర్‌లో విమానం దిగితే రెండు మూడు గంటల్లో మంచులో ఉంటాం. ఊరు 2,650 మీటర్ల ఎత్తున ఉంది. 1998లో కొంగ్‌డోరి అనే మధ్య మజిలీ దాకా గొండోలా (కేబిన్ల రోప్‌వే) వేశారు, 2005లో దాన్ని అఫర్వత్ కొండ భుజం మీదికి, దాదాపు 3,950 మీటర్లకి పొడిగించారు. ఫొటోలన్నీ అక్కడివే. కానీ ఆ పై వాలు కొత్తవాళ్లది కాదు. హిమపాతాల ముప్పున్న చోటు అది. ఆరితేరినవాళ్లు కూడా గైడ్‌ని వెంటపెట్టుకునే దిగుతారు.

నేర్చుకోవడానికి వెళ్లిన మన వారం రోజులూ గడిచేది కింద, చిన్న వాలుల మీద. స్కీ బూటు తొడిగితే చీలమండ కదలదు, నాలుగడుగులు వేయడానికే ఆయాసం. మొదటి పాఠం ఆగడమే: స్కీల (బూట్లకి తగిలించే పొడవాటి పలకల) ముందు కొనలు దగ్గరికి, వెనక కొనలు దూరంగా. లోపలి అంచులు మంచుని కొరికితే వేగం తగ్గుతుంది. భయపడి వెనక్కి వాలామా, పట్టు తప్పినట్టే. ఈ పాఠానికి గొండోలాతో పనేముంది?

అయినా నా ఓటు గుల్మార్గ్‌కే. ప్రయాణం తక్కువ, మంచు మీద నమ్మకం కాస్త ఎక్కువ. అదీ పూర్తిగా కాదు, 2024 జనవరిలో అక్కడ గడ్డే కనిపించింది. అందుకే టికెట్లు ఫిబ్రవరికి తీసుకోండి. ఇంట్లో పెద్దవాళ్లుండి, బదరీనాథుడి దారి చూసినట్టూ ఉంటుందంటే మాత్రం ఔలీ. చలికాలంలో గుడి మూసే ఉంటుందని ముందే చెప్పండి.